దయయు తనిఖీయు

దయ మంచిదని చెప్పుటకు ఎవరికిని సాహస మక్కరలేదు. ఏ మతమును దానిని కాదనదు. ఏ పాఠశాలయందును బాలురకు దానికి విరుద్ధమైన పాఠము చెప్పరు. కాని దయ మనుష్యుని హృదయమునందున్నంత కాలము గుణముగా నుండి, చట్టములో ప్రవేశించిన దినమున అధికారమగును. గుణము తన్ను తాను శాసించుకొనును. అధికారము ఇతరులను శాసించును. ఆ యధికారము కాగితమును కలమును చేతబట్టి పేదవాని దొడ్డిలో అడుగిడి, నీ జంతువును నీవు సరిగా చూచుచున్నావా యని ప్రశ్నించినప్పుడు, అట్లు ప్రశ్నించుటకు దానికి హక్కెక్కడిది? ఆ హక్కునకు హద్దెక్కడ? ఈ రెండు సంగతులను మేమీ వ్యాసమున విచారింప దలచితిమి.

ఇందులకు మేమెన్నుకొన్న ఉదాహరణము మిక్కిలి చిన్నది. అది ఇంటివెనుక నాలుగైదు బోనులలో కుందేళ్లను పెంచుకొనువారి సంగతి. విషయము చిన్నదైనందున ధర్మము చిన్నది కాదు. పెద్ద వ్యవహారములలో ధర్మమును వాదములు కప్పివేయును. చిన్న వ్యవహారములలో నది బట్టబయలుగా కనబడును.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11వ తేదీన మహబూబ్‌నగర్ నుండి వేరుపడి మూడు జిల్లాలైనవి. జనుల నోట మాత్రము అవి నేటికిని పాలమూరే. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డ మొదలు నల్లమల యడవి వరకు వ్యాపించిన ఈ సీమలో వాన నమ్మదగినది కాదు. కావున సేద్యమునకు తోడుగా నొక ప్రాణిని నమ్ముకొనుట ఇచటి కుటుంబముల పురాతన వివేకము. గొల్లలకును కురుమలకును గొర్రెలు, అమ్రాబాదు వైపు వారికి పొడతూర్పు పశువులు, తక్కిన యిండ్లలో మేకలు, కోళ్లు. పెబ్బేరు సంతలో శనివారము నాడు నిలుచుండి చూచినవారికి ఈ సీమ బ్రదుకు ఎంతగా పశువుల కాళ్లమీద నడచుచున్నదో బోధపడును. ఈ వరుసలో కుందేలు కడపట వచ్చిన యతిథి. తక్కువ స్థలము, తక్కువ పెట్టుబడి, చేతికందిన పచ్చగడ్డి చాలునను నాశతో అక్కడక్కడ కొందరు దీనిని చేపట్టుచున్నారు.

మన పొలములలో పరుగెత్తు చెవులపిల్లి వేరు, బోనులో పెరుగు కుందేలు వేరు. చెవులపిల్లి కూన బొచ్చుతో, తెరచిన కన్నులతో పుట్టును. దానిని వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. పెంపుడు కుందేలు ఐరోపా ఖండమునుండి వచ్చిన జాతి. దాని కూన ముప్పదియొక్క దినముల గర్భవాసానంతరము బొచ్చులేక, కన్నులు తెరవక పుట్టును. ఈ భేద మెరుగని చూపునకు రెండును ఒకటే. కావున పెంపకందారుడు అధికారి యెదుట మొదటి మాటగా తాను వేటగాడను కానని చెప్పుకొనవలసి వచ్చును. సంశయముతో ప్రారంభమైన పరిచయము స్నేహముగా పరిణమించుట కష్టము.

ఇక చట్టము సంగతి. నాట్యకళాకోవిదురాలును రాజ్యసభ సభ్యురాలునైన రుక్మిణీదేవి అరుండేలు పట్టుదలకు ఫలముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలసినది. 1962లో నేర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. ఆ చట్టపు 11వ సెక్షను ప్రకారము, తగినంత కదలుటకు వీలులేని బోనులో జంతువు నుంచుట నేరము. చాలినంత మేత, నీరు, నీడ నొసగకుండుట నేరము. కానిస్టేబులుకు పైహోదా గల పోలీసు అధికారియైనను, రాష్ట్ర ప్రభుత్వము నియోగించిన వ్యక్తియైనను, నేరము జరిగినదని నమ్మినచో ఆ జంతువును స్వాధీనపరచుకొని పరీక్షకు పంపవచ్చును. జిల్లా జిల్లాకును జంతుహింసా నివారణ సంఘ ముండవలెనని 2001లో నియమములు చేసిరి. 2014లో సుప్రీంకోర్టు జంతువుల కైదు స్వేచ్ఛలు కలవనియు, ప్రభుత్వములు వానిని కాపాడవలెననియు తీర్పు చెప్పినది. ఆకలిదప్పులు లేకుండుట, అసౌకర్యము లేకుండుట, నొప్పియు గాయమును రోగమును లేకుండుట, భయక్లేశములు లేకుండుట, తన స్వభావము ననుసరించి మెలగగలుగుట అనునవి ఆ యైదు. ఇంగ్లండున 1965లో నొక సంఘము చేసిన విచారణనుండి పుట్టి, 1979లో స్పష్టరూపము నొందిన భావము లివి.

ఈ చట్టము న్యాయమైనదేనా? కొందరు కాదందురు. 'మా సొమ్ముతో కొన్న జంతువు. దాని వలన లాభము మాది, నష్టము మాది. నడుమ సర్కారు కేమి పని?' అని వారి వాదము. ఈ వాదము చెంబు విషయమున చెల్లును గాని ప్రాణి విషయమున చెల్లదు. చెంబు సొట్టపడిన నష్టము యజమానిది మాత్రమే. కుందేలు కాలికి పుండుపడిన నష్టము యజమానికంటె ముందు కుందేలుది. నొప్పి పడువాడు వేరు, లాభము పొందువాడు వేరు అయినచోట, లాభము పొందువానినే న్యాయాధిపతిగా నుంచుట ఏ ధర్మశాస్త్రమునకును సమ్మతము కాదు. అందును కుందేలు మూగవానిలో మూగది. కుక్క మొరుగును, ఆవు అరచును. కుందేలు రోగము వచ్చినను నొప్పి వచ్చినను ఒక మూల ముడుచుకొని నిశ్శబ్దముగా నుండును. ఫిర్యాదు చేయలేని ప్రాణి పక్షమున ఎవరో యొకరు వచ్చి చూడవలసినదే. కావున తనిఖీ చేయు హక్కు ధర్మబద్ధమని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము.

పేదరికమును ఆచారమును ఈ హక్కునకు అడ్డుగోడలు కాజాలవు. పశువునకు జబ్బు చేసిన, కాల్చిన ఇనుముతో వాతలు పెట్టుట మన పల్లెలలో నెరిగిన వైద్యమే. వాత పెట్టువాడు క్రూరుడు కాడు. ఆ పశువు బ్రదుకవలెనని అతడు నిజముగా కోరుచున్నాడు. అతని కోరిక మంచిదైనంత మాత్రమున పశువు చర్మము కాలకుండునా? సదుద్దేశము పాపమును తగ్గించునేమో కాని నొప్పిని తగ్గింపదు. ప్రేమించువాడు సైతము తెలియక హింసింపగలడు. ఆ మాటను పెంపకందారులు ఒప్పుకొనవలెను.

అయితే ఇదే మాట తనిఖీదారునకును వర్తించును. ఇచటనే మా రెండవ ప్రశ్న పుట్టుచున్నది.

మే మెరిగిన యొక కుటుంబము పెరటిలో రేకుల కప్పు క్రింద ఆరు కుందేళ్లను పెంచుచుండెను. ఎవరో ఆకాశరామన్న ఉత్తరము వ్రాయగా, ఒక వేసవి యుదయమున నొక యుద్యోగి వచ్చెను. అతడు చెడ్డవాడు కాడు. తన పని తాను చేయవచ్చినవాడు. బోనుల పొడవు వెడల్పులు కొలిచి, ఒక బోను పొట్టిగా నున్నదని వ్రాసికొనెను. ఒక ఆడ కుందేలు రొమ్మున బొచ్చు ఊడియుండుట చూచి గజ్జియని నిర్ణయించెను. మరియొకటి తన పెంటికలను తానే తినుట చూచి, మేత లేక మాడ్చుచున్నారని కోపించెను. పిల్లల పెట్టెను పైకెత్తి, కూనలను చేతబట్టి లెక్కించెను. కాగితముపై ఇంటివాని వ్రేలిముద్ర తీసికొని వెడలిపోయెను.

కుందేళ్ల స్వభావ మెరిగినవారి కిందలి విషాదము తోచును. పిల్లలను పెట్టబోవు ఆడ కుందేలు తన రొమ్ముమీది బొచ్చును తానే పెరికి గూటిలో పరచును. అది రోగము కాదు, మాతృత్వము. మెత్తని పెంటికలను తిరిగి తినుట దాని జీర్ణక్రియలో నొక భాగము. అట్లు తినకున్ననే దానికి బలహీనత. పిల్లలను పెట్టిన దినములలో గూటిని కదిపి, భయపెట్టినచో తల్లి పిల్లలను విడిచివేయుటయు, చంపుటయు కలదు. ఆ యింట నట్లే జరిగినది. మూడు దినములలో కూనలన్నియు పోయినవి. ఇంతకును అసలు దోషము ఆ యింట లేకపోలేదు. అది ఉద్యోగి కంటబడలేదు. కుందేలునకు చెమట పట్టదు. ముఖ్యముగా చెవుల గుండ అది వేడిని వెడలించుకొనవలెను. నలుబది డిగ్రీలు దాటు పాలమూరు ఎండలో రేకుల క్రింది బోను దానికి పొయ్యితో సమానము. బోను జానెడు పొట్టిదైనందున ఆ కుందేలు చావదు. పైన రెల్లుకప్పు, ప్రక్కన తడిపిన గోనెపట్టా లేనందున చచ్చును. కొలతబద్ద చూపిన తప్పు కాగితమున కెక్కినది. ఎండ చూపిన తప్పు ఎక్కలేదు. వారము తిరుగక మునుపే పెద్ద కుందేళ్లలో రెండు వడదెబ్బకు చచ్చినవి. ఆ యింటి పెద్ద మాతో అన్న మాట యొక్కటే: "పట్టెటోళ్లు వస్తరు గని సారూ, చెప్పెటోళ్లు రారు."

ఈ మాటలో మా విచారమంతయు నిమిడియున్నది. అధికారి జంతువు పేర వచ్చెను. జంతువు నతడు చూడలేదు, బోనును చూచెను. యజమాని జంతువును ప్రేమించెను. దాని శరీరధర్మము నెరుగడయ్యెను. ఇద్దరి నడుమ కుందేలు నష్టపోయెను. తెలియని ప్రేమయు తెలియని అధికారమును ఒకదాని కొకటి ఎదురుపడినచోట ఫలము హింసయే.

ఇక శిక్ష సంగతి. మొదటి నేరమునకు పది రూపాయలకు తక్కువ గాకుండ, యాబది రూపాయలకు మించకుండ జరిమానా యని ఆ చట్టమున వ్రాసిరి. ఆ మొత్తము నేడు ధనవంతునకు నవ్వు పుట్టించును. పేదవానికి అసలు శిక్ష జరిమానా కాదు. కచేరికి తిరుగు దినములలో పోవు కూలి శిక్ష. స్వాధీనమైన జంతువునకు చికిత్సాలయమున నగు ఖర్చును తానే భరింపవలసి వచ్చుట శిక్ష. ఊరిలో దొంగవలె నిలువబడుట శిక్ష. చట్టము వ్రాసిన శిక్ష చిన్నది, చట్టము నడిచెడి దారి శిక్ష పెద్దది. ఈ శిక్షకు భయపడినవాడు జంతువును మరింత బాగుగా చూచునా? చూడడు, మరింత లోపల దాచును. వెలుగు, గాలి తగులు పెరటినుండి బోనును చీకటి కొట్టమునకు చేర్చును. రోగము వచ్చిన పశువైద్యుని పిలువడు, ఏలయన పశువైద్యుడును సర్కారు మనిషియే. ఆ విధముగా జంతువును రక్షింపవలసిన భయమే జంతువునకు వైద్యమును దూరము చేయును. దండము తీవ్రమైన ప్రజలు బెదరుదురనియు, మృదువైన తిరస్కరింతురనియు, యథార్హమైన గౌరవింతురనియు కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున నిర్ణయించెను. ఇచట మన దండము పేదవానికి తీవ్రముగాను, ధనవంతునకు మృదువుగాను ఒక్కసారే యున్నది.

తారతమ్యపు మాట వచ్చినది కావున మరియొక సంగతి చెప్పక తప్పదు. గ్రుడ్ల ఉత్పత్తిలో తెలంగాణము దేశమున ముందువరుసలో నున్నది. పెద్ద కోళ్ల షెడ్లలో వాడుకయైన తీగబోనులయందు ఒక్కొక్క కోడికి దక్కు స్థలము సుమారు 450 చదరపు సెంటీమీటర్లు. ఆఫీసులలో వాడు ఒక తెల్లకాగితపు వైశాల్యము 620కి పైబడును. అనగా కాగితమంత చోటైనను లేక, రెక్క చాపక, ఆ కోడి తన జీవితమును గడపును. 2017 జూలైలో లా కమిషను తన 269వ నివేదికలో ఈ విషయమునే విచారించినది. ఆరు కుందేళ్లవాని బోను జానెడు తగ్గినచో నేరమను సెక్షనే ఇచటను వర్తింపవలెను గదా! చట్టము రెంటికి నొకటే. చట్టము నడచుకొనుచు పోగల దూరము మాత్రము వేరుగా నున్నది. పెరటికి తలుపు లేదు. కర్మాగారమునకు గేటు కలదు.

ఇది మన దేశపు జాడ్యము మాత్రమే కాదు. జంతువుల రక్షణకై లోకమున మొట్టమొదటి సంఘములలో నొకటి 1824లో లండనులో వెలసినది. ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్టు మిల్లును ఆ సంఘమువారు 1868లో ఉపాధ్యక్షుడుగా నుండుమని కోరగా నతడు నిరాకరించెను. జంతువులపై ప్రీతి లేక కాదు. పలుకుబడి లేని వర్గములవారి నేరములనే ఆ సంఘము పట్టుచున్నదని యతని యాక్షేపణ. బండి తోలువాని కొరడా నేరమై, దొరలవేట వినోదమైన సమాజమున దయ యను పేరు వర్గాభిమానమునకు ముసుగగును. ఆ యాక్షేపణకు నూటయేబదియేండ్లు దాటినవి. దాని పదును తగ్గలేదు.

అట్లయిన దయను రాజ్యము చేపట్టు సరియైన మార్గ మేది? దానికి సాక్ష్యము మన ప్రాంతమునకు దూరమున లేదు. గద్వాల సీమనుండి తుంగభద్ర దాటిన కర్నూలు జిల్లాలో ఎర్రగుడి గుట్ట బండలపై అశోకచక్రవర్తి శాసనములు నేటికిని నిలిచియున్నవి. వానిలో మొదటిది జంతువధను గూర్చినది. రాజు అందు ప్రజల దొడ్ల ప్రసక్తి కాదు, తన వంటశాల ప్రసక్తి తెచ్చెను. మునుపు తన పాకశాలకై లక్షలకొలది ప్రాణులు చచ్చుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే చచ్చుచున్నవనియు, ఇకమీదట నవియు చావవనియు లోకమునకు చెప్పుకొనెను. రెండవ శాసనమున, మనుష్యులకును పశువులకును వైద్యము నేర్పరచితిననియు, ఔషధమొక్కలు లేనిచోట తెప్పించి నాటించితిననియు, దారులలో బావులు త్రవ్వించితిననియు చెప్పెను. ఈ వరుసను చదువరులు గమనింతురు గాక. ముందు తన యింటి తనిఖీ. వెంటనే ప్రజలకు మందు, నీరు. ధర్మమును విచారించు మహామాత్రుల ప్రశంస వీని తరువాతి శాసనములలో వచ్చును. ఆజ్ఞకు ముందు ఆధార మొసగుట ఆ రాజనీతి.

మాపై నొక యాక్షేపణ రాగలదని మే మెరుగుదుము. 'మీరు పెంపకందారునిపై జాలిపడి జంతువును మరచుచున్నారు. అతడు నేర్చుకొనువరకు ప్రాణి బాధపడుచుండవలెనా?' ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. బాధ నేడు పడుచున్న ప్రాణికి రేపటి విద్య యేమి మేలు చేయును? మా సమాధాన మిది. తనిఖీకి ప్రమాణము యజమాని సుఖము కాదు, అధికారి రిజిస్టరు కాదు, ఆ ప్రాణి స్థితియే. తనిఖీ ముగిసిన పిమ్మట ఆ ప్రాణి మునుపటికంటె మేలుగా నున్నదా? ఉన్నచో ఆ తనిఖీ ధర్మము. లేనిచో అది దయ పేరు పెట్టుకొన్న దండయాత్ర. ఈ యొక్క ప్రమాణము ఇరువురను కట్టివేయును. మేతయు నీరును లేక ఎండుచున్న జంతువును ఆ క్షణముననే విడిపింపవలెను. అచట జాలికి తావు లేదు. కాని విడిపించి కొనిపోవుటకు చికిత్సాలయము లేనప్పుడు, పోలీసు ఠాణా ఆవరణమున ఎండలో కట్టివేయుట విడిపించుట కాదు. రేకులపై రెల్లు కప్పించుట ఒక పూట పని. అది అధికారి యెదుటనే జరిగినచో కుందేలునకు మేలు నేడే కలుగును, కోర్టు తీర్పు వరకు వేచియుండ నక్కరలేదు. కావున ఉపాయము చెప్పుట జాలి మాత్రమే కాదు, త్వరితమైన రక్షణ కూడ.

ఈ ప్రమాణమునుండి మూడు నియమములు వాటంతటవే వెలువడును. చూడవచ్చినవాడు తాను చూచు ప్రాణి స్వభావము నెరిగినవాడై యుండవలెను. ఎరుగనిచో పశువైద్యుని వెంటబెట్టుకొని రావలెను. మొదటి రాకలో దోషమును చెప్పి, దిద్దుకొను విధము చూపి, గడువొసగి, రెండవమారు వచ్చి చూడవలెను. తెలిసియు, శక్తి యుండియు దిద్దుకొననివానిని, వాడు పెరటివాడైనను షెడ్డువాడైనను, వెనుదీయక శిక్షింపవలెను. తెలియమి, లేమి, నిర్లక్ష్యము అను మూడును వేరు దోషములు. తెలియమికి పాఠము, లేమికి సహాయము, నిర్లక్ష్యమునకు దండము మందులు. మూటికిని ఒకే మందు పోయువాడు వైద్యుడు కాడు.

పెంపకందారుని జ్ఞానమును తృణీకరించుటయు తగదు. అమ్రాబాదు ప్రాంతపు పశుపోషకులు ఏ పట్టాలును లేకయే తరతరములుగా ఎంచి పెంచిన పొడతూర్పు పశువును, ఇటీవలి సంవత్సరములలో జాతీయ సంస్థ ప్రత్యేకజాతిగా నమోదు చేసినది. వారు చేసిన పనికి రాజ్యము పేరు పెట్టినది, అంతే. అట్టివారితో మాటలాడునప్పుడు అధికారి నేర్పుటకే గాక నేర్చుకొనుటకును సిద్ధపడవలెను.

కడపట మా చదువరులతో నొక్క మాట. మనలో పెక్కురము కుందేళ్లను పెంచువారము కాము, తనిఖీ చేయువారమును కాము. అయినను ఈ వ్యవహారమున మనకు భాగము లేకపోలేదు. చవుకైన గ్రుడ్డును కోరి తీగబోనును నిలబెట్టుచున్నది మన వంటిల్లే. పొరుగువాని దొడ్డిలో జంతువు నీరులేక రొప్పుచుండగా, అతనితో నొక మాటయైనను చెప్పక, పేరులేని యుత్తరము వ్రాసి దయాళువుల మనుకొనుచున్నదియు మనమే. ఉత్తరము వ్రాయుటకు ఒక కాగితము చాలును. నీళ్లకుండ మోయుటకు చేతులు కావలెను. కుండ మోసిన పిమ్మటను ఆ పొరుగువాడు మారనిచో, అప్పుడు పేరు పెట్టి వ్రాయుదము. అట్టి యుత్తరమునకు బలము కలదు, ఏలయన అది ఆ ప్రాణిని చూచినవారు వ్రాసినది.